ప్రేమ కవితలో చూపు: పైచేయి ఎవరిదో రాసే పద్ధతి

ప్రేమ కవిత రాద్దామని కూర్చున్నవాళ్లు మొదట పట్టుకునేది కళ్లనే. కలువలంటారు, చేపలంటారు, బాణాలంటారు. నాలుగు పాదాలు నిండుతాయి గానీ కవిత ఉన్నచోటనే ఉంటుంది. కళ్లు ఎలా ఉన్నాయో చెబితే అది వర్ణన. ఎవరు ఎవర్ని చూస్తున్నారు, అలా చూసే చనువు ఎవరికుంది, ముందు తల తిప్పుకున్నది ఎవరు అని చెబితే అక్కడ కథ మొదలవుతుంది. ఇద్దరిలో ఎవరిది పైచేయో పాఠకుడికి అందేది ఆ కథలోనే. అందుకే చూపును విశేషణంగా కాక క్రియగా రాయాలి. ఆ పైచేయి కవిత ముగిసేలోగా ఒక్కసారైనా చేతులు మారాలి.

కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో రాసేవాళ్లు దీనికి ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. అన్నమయ్య పుట్టింది రాజంపేట పక్కన తాళ్లపాకలో. అల్లసాని పెద్దన రాయల దగ్గర పొందిన అగ్రహారాల్లో తన చాటువులో పేరుపెట్టి చెప్పుకున్నది కోకటం, అది కడప జిల్లా ఊరు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చింది నంద్యాల కృష్ణరాజుకు. పుస్తకాలు కావాలంటే కడప బ్రౌన్ గ్రంథాలయం ఉండనే ఉంది. సొంత కవితకు కలం పట్టేముందు వీటిలో రెండు చోట్లు నిదానంగా చదవండి.

పెద్దన దగ్గర: ఒక సంబోధన, ఒక ఎదురు ప్రశ్న

పెద్దన కావ్యం మనుచరిత్ర, రెండో ఆశ్వాసం. కోరిన చోటికి చేర్చే పసరు కాలికి పూసుకుని వచ్చిన ప్రవరుడనే బ్రాహ్మణుడు, అది మంచులో కరిగిపోయి హిమాలయాల్లో దారి తప్పాడు. వరూధిని అనే అప్సరస కనిపించింది. ఇక్కడ ఎవరి చూపుకు ఎంత చోటు ఇచ్చాడో లెక్కపెట్టండి. ప్రవరుడు ఆమెను చూడటం క్లుప్తంగా అయిపోతుంది, ఎందుకంటే అతనికి కావలసింది దారి. ఆమె అతణ్ని చూడటం మాత్రం పద్యం మీద పద్యంగా సాగుతుంది. గబగబా లేచి, పూసిన పోకమొక్క చాటుకు చేరి, అతను వచ్చే దారినంతా తన చూపుల అలలతో ముంచెత్తుతుంది. ఎక్కువసేపు చూసేది ఆమె. కోరిక ఎవరిదో ఒక్క మాటైనా చెప్పకుండానే అక్కడ తేలిపోయింది.

తర్వాత ప్రవరుడు పలకరిస్తాడు: "ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ, యొంటిఁ జరించెదోట లే కివ్వనభూమి". బెదిరిన లేడి కళ్లదానా అంటున్నాడు. నిజానికి బెదిరి ఉన్నది తను. తన భయాన్ని తీసుకెళ్లి ఎదుటిమనిషి కళ్లలో పెట్టాడు. ఆమె ఊరుకోలేదు: "ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు భూసురేంద్ర". ఇంతింత కళ్లు పెట్టుకుని దారి ఎవర్ని అడుగుతున్నావయ్యా అని. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లను పలకరించడానికి ఇదొక సాకు కాదా అని కూడా అంటించింది. ఒక్క పాదంలో కళ్లు ఆమెవి కాకుండా పోయి అతనివి అయ్యాయి. వర్ణించబడుతున్న మనిషి వర్ణించేవాడి మొహం వైపు వేలు చూపింది.

ఇంతవరకే చదివి ఆగిపోవద్దు. ప్రవరుడు కాదని వెళ్లిపోయాక ఒక గంధర్వుడు అతని రూపంలో వస్తాడు. కలిసే వేళ కళ్లు మూసుకోవాలని వరూధినికి నియమం పెడతాడు, ఆమె ఒప్పుకుంటుంది. "ఇంతలు కన్నులుండ" అన్న మనిషి చేతే కళ్లు మూయించాడు పెద్దన. చూసినన్నాళ్లూ ఆమె ఓడిపోలేదు. ప్రవరుడు నిరాకరించినప్పుడు బాధపడింది గానీ మోసపోలేదు. కళ్లు మూసుకున్నాక మోసపోయింది. పాత్రకు బలం పెరగడం, తరగడం చూపాలంటే ఉపన్యాసం అక్కర్లేదు, కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అన్న ఒక్క వివరం చాలు. ఆ వివరాన్ని కవితలో రెండు చోట్ల, రెండు స్థితుల్లో పెట్టండి. ఇది నేర్చుకోవడానికి మనుచరిత్రను మించిన చోటు లేదు.

అన్నమయ్య దగ్గర: సాక్షులు

"ఏమొకో చిగురుటధరమున" చాలామందికి నోటికి వచ్చిన పాటే. అందులో కళ్ల చరణాన్ని ఒక్కదాన్నే విడదీసి చూడండి. చకోరాల్లాంటి కళ్లున్న ఆమెకు కడకన్నులు ఎర్రబడ్డాయి. ఇదేమిటో ఆలోచించండని చెలికత్తెలను అడుగుతున్నారు. ఆపై ఊహ: "నలువునఁ బ్రాణేశ్వరుపై నాటిన యా కొనచూపులు నిలువునఁ బెరుకఁగ నంటిన నెత్తురు కాదు కదా". ప్రియుడి ఒంట్లో నాటుకున్న చూపుల్ని ఆమె తిరిగి పెరికి తీసుకుంటే అంటిన నెత్తురేమో!

చూపు బాణమని అందరూ అంటారు. అన్నమయ్య బాణం వేసిన చోట ఆగలేదు, దాన్ని వెనక్కి లాగేదాకా వెళ్లాడు. లాగితే నెత్తురు అంటుతుంది. ఆ నెత్తురు అతనిది, కనిపించేది మాత్రం ఆమె కంట్లో. చెలులంతా ఆమె కళ్లనే చూస్తున్నారు, ఆమె మాత్రం ఒక్క మాటా మాట్లాడదు. అయినా ఈ వ్యవహారంలో దెబ్బ తిన్నది ఎవరో తెలిసిపోయింది. పాత ఉపమానం వాడాల్సి వస్తే ఈ పద్ధతిలోనే వాడాలి: దాన్ని దాని పర్యవసానం దాకా నడిపించాలి. బాణమంటే గాయం, గాయమంటే నెత్తురు, నెత్తురంటే మరక. మరక ఎవరి మీద పడింది? ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఉపమానాన్ని వదలొద్దు. నడిపించలేకపోతే అసలు వాడొద్దు.

ఇంకో సంగతి, ఆ "కాదు కదా". నెత్తురే అని తేల్చి చెబితే చమత్కారం చచ్చిపోయేది. అనుమానంగా వదిలాడు కాబట్టి చెలులతో పాటు మనమూ వంగి ఆ కంటిలోకి చూస్తాం.

అన్నమయ్య సంకీర్తనల్లో దొరికినవి 12 వేలకు పైనే. వాటిలో శృంగారమే ఎక్కువ. ఏవైనా పది పాటలు తీసుకుని, ప్రతిదాని పక్కనా ఎవరు చూస్తున్నారు, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు వింటున్నారు అని మూడు ముక్కలు రాసుకోండి. చాలా పాటల్లో మూడో మనిషి ఉంటుంది, చెలికత్తె. ఆమెను ఊరికే పెట్టరు. ఇద్దరే ఉంటే చూపు ఒక రహస్యం. మూడో మనిషి ఉంటే అదే చూపుకు పరువు, భయం, సాక్ష్యం వచ్చి చేరతాయి. నేటి కవితలో ఆ పని బస్సులో పక్కసీటు పెద్దమ్మ చేయొచ్చు, కొళాయి దగ్గర బిందె పట్టుకున్న పక్కింటావిడ చేయొచ్చు.

రాసేముందు తేల్చుకోవాల్సినవి

ఒక కాగితం మీద ఈ నాలుగింటికి ఒక్కో వాక్యంలో జవాబు రాయండి. చూసేది ఎవరు? చూస్తున్నారని రెండోవాళ్లకు తెలుసా? చుట్టూ ఎవరున్నారు? రెండోవాళ్లు అక్కడి నుంచి లేచి వెళ్లిపోగలరా? మొదటి మూడూ అందరూ రాస్తారు. నాలుగోది వదిలేస్తారు, తర్వాత కవిత అక్కడే దెబ్బతింటుంది.

దూరం కొలవండి, ఉజ్జాయింపుగా కాకుండా అడుగుల్లో. 30 అడుగుల దూరాన మనిషి నడక, మెడ తిప్పడం, కొంగు రంగు తెలుస్తాయి, కనురెప్పల తడి తెలియదు. 10 అడుగుల్లో కనుబొమ ముడి అందుతుంది. మూరెడు దూరంలో మొహం మొత్తం ఒక్కసారి కంటికి ఆనదు. ఒక కన్నో, చెవి దుద్దో, పైపెదవి మీది చెమటో, ఏదో ఒకటే. కర్నూల్లో కొండారెడ్డి బురుజు మీద నిలబడ్డవాడు కింద రోడ్డు దాటే అమ్మాయి కాటుక చూశాడని రాస్తే పాఠకుడు నమ్మడు. నమ్మకపోతే ఆ తర్వాతి పాదాలన్నీ వృథా. గండికోటలో పెన్న లోయకు ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు నిలబడితే వాళ్ల మధ్య నడవగలిగేది చెయ్యెత్తడం, చున్నీ గాలికి లేవడం లాంటివే. అలాంటి చోట కళ్ల ప్రస్తావన తీసేయండి. దూరాన కళ్లు కనిపించకపోవడం కూడా ఒక బలమే: అటువైపు మనిషి నన్నే చూస్తున్నాడో లేదో తెలియని స్థితిలో నిలబెట్టొచ్చు.

వెలుతురు ఇంకా ముఖ్యం. అనంతపురం ఎండలో మే నెల మధ్యాహ్నం ఎవరి కళ్లూ విప్పారవు. అందరూ కళ్లు చికిలించుకుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకునే చూస్తారు. శెనక్కాయ చేలో కలుపు తీసే మనిషి తల మీద గుడ్డ ముఖానికి నీడ వేస్తుంది, గడ్డం ఒక్కటే వెలుగులో ఉంటుంది. అలాంటి చోట పద్మాల్లాంటి కళ్లు అంటే అబద్ధం. చేతి నీడలో దాగిన కళ్లు అంటే నిజం, పైగా అందులో చూసే మనిషికి ఒక వాటం ఉంది. ఆమె నీడలోంచి చూస్తోంది, అతను ఎండలో నిలబడి కనిపిస్తున్నాడు. పైచేయి ఎవరిదో వెలుతురే చెప్పేసింది.

క్రియ ఎంచుకోవడం

తెలుగులో చూడటానికి ఉన్నన్ని మాటలు వాడుకోకుండా "చూసింది, చూశాడు" అని సరిపెట్టుకోవడం పెద్ద నష్టం. ఓరగా చూడటంలో చూసే మనిషి దాక్కుంటుంది. చనువు లేదు గానీ ఇష్టం ఉంది. తేరిపార చూడటంలో భయం లేదు. కళ్లప్పగించి చూసేవాడు తన్ను తాను మరిచిపోయాడు, అంటే లొంగిపోయాడు. చూసీ చూడనట్టు ఉండటం అన్నిటికన్నా బలమైనది, ఎందుకంటే చూసిన లాభం దక్కుతుంది, చూసిన నింద రాదు. ఎగాదిగా చూడటం ప్రేమికుల మధ్య పనికిరాదు. అది బేరం చూపు, సంతలో ఎద్దును చూసినట్టు. దాన్ని ప్రేమికుడికి పెడితే ఆ పాత్ర మీద పాఠకుడికి మళ్లీ గౌరవం రాదు. కావాలని అలా చేయాలంటే సరే, తెలియక చేయొద్దు. కొరకొరా చూడటానికి కోపం ఉండాలి, కోపానికి హక్కు ఉండాలి. కొత్తగా పరిచయమైనవాళ్లు కొరకొరా చూసుకోరు.

12 నుంచి 16 పాదాల కవితలో కన్ను, చూపు అనే మాటలు రెండుసార్లకు మించకుండా చూసుకోండి. మించితే వాటి పదును పోతుంది. మిగతా చోట్ల చూపును వేరే అవయవంతో చెప్పాలి: మెడ తిరగడం, కొంగు సవరించుకోవడం, చేతిలో పని ఆగడం, మాట మధ్యలో తెగడం.

పిలుపు

ఇద్దరిలో ఎవరు ఎక్కువో మన భాషలో పిలుపే చెబుతుంది. అయ్యా, అండీ, రా, వే, మే, బావా, మామా: వీటిలో ఏది పడితే అది వేయడానికి లేదు. క్షేత్రయ్య లాంటివాళ్ల పదాల్లో, అంటే శృంగార పాటల్లో, నాయిక సాక్షాత్తు దేవుణ్ని "రారా" అని పిలుస్తుంది. ఊరంతా పల్లకీ మోసే స్వామిని ఒక ఆడమనిషి "రా" అంటే, ఆ ఒక్క అక్షరంతో ఊరి కొలత ఒకటి, ఆమె కొలత వేరొకటి అని తెలిసిపోతుంది. రాయలసీమ ఇళ్లలో భార్య "ఏమయ్యా" అంటే అందులో గౌరవమూ ఉంది, నిలదీయడమూ ఉంది. గొంతు ఎటు వంగితే అటు. "ఏమండీ" అలా వంగదు. మీ కవితలో మనుషులు మదనపల్లె రోడ్డు పక్కన కొట్టు పెట్టుకున్నవాళ్లయితే వాళ్ల చేత "ప్రియా", "సఖీ" అనిపించొద్దు. ఆ పిలుపుతో మనుషులూ పోతారు, వాళ్ల మధ్య ఉన్న తూకమూ పోతుంది.

పిలుపు మారడమే కవితకు మలుపు కావొచ్చు. మొదట్నుంచీ "మీరు" అంటూ వచ్చి ఒక్కచోట "నువ్వు" అయితే చాలు. ఆ చోటు కవితలో ఒక్కటే ఉండాలి.

చూడకపోవడం

అలక అంటే చూపును ఆపేయడమే. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ కృష్ణుడి తలను కాలితో తోసే పద్యం అందరికీ తెలిసిందే. అందులో పదాల వరస గమనించండి. బ్రహ్మ, ఇంద్రుడు మొదలైన దేవతలు పూజించేది, మన్మథుణ్ని కన్న తండ్రిది అని ఆ తలను ముందు ఎంత ఎత్తుకు ఎత్తాలో అంత ఎత్తాడు. ఆ తర్వాతే "వామపాదంబునం దొలగం ద్రోచె లతాంగి". బిరుదులన్నీ ముందు, కాలు వెనక. తోసిన ఆమె "లతాంగి", తీగలాంటి ఒళ్లు. బరువు అటువైపు పేర్చి తేలికను ఇటువైపు పెట్టాడు. ముందు కాలు వేసి తర్వాత బిరుదులు చెప్పి ఉంటే అది దూషణ అయ్యేది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి ఈ సౌకర్యం మనకు అచ్చంగా దొరుకుతుంది. పైచేయి మారే క్రియను పాదం చివరిదాకా దాచండి.

కాలు ఎత్తేంత అలక ప్రతి కవితకూ అక్కర్లేదు. మన ఇళ్లలో అలిగిన మనిషి ఎదురుగా ఉన్న మొగుడితో మాట్లాడదు, బిడ్డతో చెప్పిస్తుంది: "మీ నాయనకు చెప్పు, సంగటి సల్లారిపోతాంది." అతను అక్కడే, నాలుగడుగుల్లో ఉన్నాడు. బిడ్డ చెప్పనక్కర్లేదు, అతనికి వినబడింది. అయినా బిడ్డ చెప్పేదాకా అతను కదలకూడదు. కదిలితే ఓడినట్టు. ఈ దృశ్యంలో కన్ను అనే మాటే లేదు, అయినా అంతా చూపు గురించే. మూడో మనిషి, దూరం, పిలుపు, ఆపేసిన చూపు అన్నీ ఒకేచోట కలిశాయి. సంగటి మాత్రం అతనికోసమే వండింది. అలకలో ప్రేమ మిగిలే ఉందని చెప్పేది ఆ వివరమే. ఇలాంటి వివరం ఒకటి లేకపోతే అలక కవిత ఉత్త జగడం అవుతుంది.

ప్రేమలో ఉన్న ఆడమనిషిని ఆమె స్థితిని బట్టి ఎనిమిది రకాలుగా చెప్పే అష్టవిధ నాయికల పట్టికను చాలామంది పరీక్షల కోసం బట్టీపట్టి వదిలేస్తారు. కవికి అది పనిముట్టు. ఎనిమిదింటిలో కొత్తగా రాసేవాళ్లకు అన్నిటికన్నా అనువైనది ఖండిత. రాత్రంతా రాని ప్రియుడు పొద్దున్నే వస్తాడు, ఒంటి మీద వేరొకరి గుర్తులతో. అక్కడ చూడబడేది మగవాడు. ఆమె అతని ఒంటిని ఆనవాలు ఆనవాలుగా చదువుతుంది. అతను దాచుకోవడానికి చూస్తాడు. మనకు అలవాటైన చూపు దిశ తిరగబడటం వల్ల, పాత వర్ణనలు చేతికి రమ్మన్నా రావు, కొత్తగా చూడక తప్పదు. కలహాంతరిత దీనికి తరువాయి: వెళ్లగొట్టాక చూడటానికి మనిషి లేడు, ఖాళీ గడప ఉంది. మిగతావి ఈ రెండూ చేయి తిరిగాక చూసుకోవచ్చు.

ఒక కవిత, మూడు చిత్తుప్రతులు

విషయం పెళ్లిచూపులు. చూసే హక్కు ఎవరిదో ఊరంతా ముందే తేల్చేసిన సందర్భం కాబట్టి సాధనకు బాగుంటుంది. ప్రొద్దుటూరులో ఒక ఇల్లు అనుకోండి. మొదటి చిత్తు ఇలా వస్తుంది:

నీ కలువ కళ్లు చూసి
నా గుండె ఆగిపోయింది
నీ చూపుల బాణాలకు
నేను బందీనైపోయాను

దీనికి చోటు లేదు, దూరం లేదు. అంతకన్నా పెద్ద తప్పు, ఇందులో అబద్ధం ఉంది. నచ్చింది, నచ్చలేదు అని చెప్పి లేచి వెళ్లిపోగలిగినవాడు అతనే. తల వంచుకుని నిలబడాల్సింది ఆమె. అధికారం ఉన్నవాడు "నేను బందీని" అంటే అది వినయం కాదు, ఉన్న అధికారాన్ని కప్పిపుచ్చడం. ప్రేమ కవితల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే.

రెండో చిత్తు:

ట్రేలో కాఫీ తెచ్చింది, తల ఎత్తలేదు
నేను చూశాను, మా అమ్మ చూసింది
మా మామ జడ చూశాడు, నడక చూశాడు
ఆ పిల్ల గ్లాసులనే చూస్తోంది

ఇది నిజం. హాలు ఉంది, మనుషులున్నారు, లోకం తీరు తెలుస్తోంది. కానీ ఆ పిల్ల ఎక్కడ? గ్లాసుల దగ్గరే ఆగిపోయింది. జాలి పుడుతుంది గానీ ఆమె ఎవరో తెలియదు. జాలితో ముగిసే కవితలో చూసేవాడి పైచేయి మొదట ఎంత ఉందో చివరికీ అంతే ఉంటుంది. ఈ దశలో గొంతు మార్చి చూడాలి. అదే దృశ్యాన్ని ఆమె చెబితే? తల ఎత్తొద్దన్న నియమం అలాగే ఉంచాలి, లేకపోతే ఆట సులువైపోతుంది. తల వంచుకున్న మనిషికి కనిపించేది నేల. కడప జిల్లా ఇంట్లో ఆ నేల పాలిష్ పెట్టిన నల్ల బండలు. అందులో నీడలు కనిపిస్తాయి.

తలెత్తొద్దన్నారు, ఎత్తలేదు.
గ్లాసులు ఆరు, ట్రే ఒకటి.
హాల్లో పరిచిన నల్ల బండలు
పొద్దున తుడిచింది నేనే.
ఆరుగురూ నన్నే చూస్తున్నారు.
మీ మామ జడ కొలుస్తున్నాడు,
మీ అమ్మకు నా నడక కావాలి.
బండలో నువ్వు తలకిందులుగా కూర్చున్నావు.
మోకాలు ఆడిస్తున్నావు,
కర్చీఫు మడిచి, విప్పి, మళ్లీ మడిచి.
గ్లాసు నీ ముందు పెట్టి
అప్పుడెత్తినాను తల.
దించుకున్నది నువ్వు.

13 పాదాలు. మలుపు 8వ పాదంలో ఉంది, అంటే సగం దాటాక. మొదటి ఏడు పాదాల్లో చూసే హక్కంతా వాళ్లదిగా పేర్చి పెట్టకపోతే 8వ పాదానికి బరువు రాదు. నేల మీది నీడలో కూర్చున్న మనిషి తలకిందులుగానే కనిపిస్తాడు. అది కల్పన కాదు కాబట్టే అందులోని రెండో అర్థం దానంతట అదే పలుకుతుంది, మనం నొక్కి చెప్పనక్కర్లేదు. "తుడిచింది నేనే" అన్న పాదం వర్ణనలా కనిపిస్తుంది గానీ అద్దాన్ని సిద్ధం చేసుకున్నది ఆమే అని చెబుతోంది. ఎదురుగా ఉంటే ఆమె నోట "మీరు" తప్ప రాదు. లోపల మాత్రం "నువ్వు". కన్ను అనే మాట కవితలో ఎక్కడా లేదు, చూడటం అన్న క్రియ ఒక్కసారే వచ్చింది. అతను భయపడ్డాడని ఆమె అనలేదు, మోకాలు చాలు. ముగింపులో అతను తల దించుకోవడం ఓటమి మాత్రమే కాదు, సిగ్గు కూడా, ఇష్టం కూడా కావొచ్చు. ఆ మూడింటిలో ఏదో ఒకదాన్ని తేల్చి చెప్పే 14వ పాదం రాయాలనిపిస్తుంది. రాయొద్దు.

పద్యంలో రాసేవాళ్లకు ఇదే పని సీసం బాగా చేస్తుంది. సీసపాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. అలాంటి నాలుగు పెద్ద పాదాల్లో చూసేవాళ్ల హక్కును పేర్చుకుంటూ పోయి, కింద వచ్చే తేటగీతిలోనో ఆటవెలదిలోనో తిప్పేయొచ్చు. మలుపును సీసం మూడో పాదంలోనే పెట్టేస్తే గీతానికి పని లేకుండా పోతుంది. గణాలు నింపడానికి "కలికి", "చెలియ", "మగువ" లాంటి మాటలు తెచ్చి ఇరికిస్తే ఆ నింపిన చోట పిలుపు మారిపోతుంది, దానితో తూకమూ మారుతుంది. ఈ తరహా కవితలో పూరకపదం చేసేంత చెరుపు ఇంకేదీ చేయదు.

ఫోన్ తెర మీద

రాజంపేట, రాయచోటి వైపు కువైట్ వెళ్లిన మనుషులు లేని వీధి తక్కువ. ఇళ్లలో పనికి వెళ్లినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. ఆ ఎనిమిది నాయికల్లో ప్రోషితభర్తృక అంటే మగడు దేశాంతరం వెళ్లిన నాయిక. ఇక్కడ వెళ్లింది ఆమె, గడపలో కూర్చున్నది అతను. ఈ తిరగబడ్డ ఎడబాటు మీద రావాల్సినంత కవిత్వం ఇంకా రాలేదు. రాయదలచుకున్నవాళ్లు వివరాలు సరిగా పెట్టుకోండి. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 10 గంటలకు బిడ్డ నిద్రపోయాక ఫోన్ చేస్తే అక్కడ ఏడున్నర, ఆమెకు పని ఇంకా తెమలదు. వీడియో కాల్‌లో ఇద్దరి చూపులూ కలవవు. ఎదుటిమనిషి కళ్లలోకి చూడాలంటే తెరను చూడాలి, తెరను చూస్తే కెమెరాను చూడనట్టే. కళ్లలోకి చూసినట్టు అవతలివాళ్లకు కనిపించాలంటే వాళ్ల మొహం వదిలేసి పైనున్న చుక్కను చూడాలి. అంటే ఒకరు చూడటం మానుకుంటేనే రెండోవాళ్లకు చూపు దక్కుతుంది. మూలన చిన్న చతురంలో మన మొహమే మనకు కనిపిస్తూ ఉంటుంది. మధ్యలో కెమెరా ఆపేసి మాట మాత్రం ఉంచితే ఆమె ఎందుకు ఆపిందో అతను అడగలేడు. అన్నమయ్యకు దొరికి ఉంటే పది చరణాలు చేసుకునే సరుకు ఇది. సూరన రాసిన ప్రభావతీప్రద్యుమ్నంలో ప్రభావతి కూడా ప్రద్యుమ్నుణ్ని ముందు చూసింది చిత్రపటంలోనే. తిరిగి చూడని బొమ్మను ప్రేమించడం మన కావ్యాలకు కొత్త కాదు.

హద్దు

నాలుగో ప్రశ్న ఒకటి అడిగాం కదా: రెండోవాళ్లు లేచి వెళ్లిపోగలరా అని. బస్టాండులో రోజూ ఒక అమ్మాయిని వెంబడించి చూసేవాడి కవితలు చాలా వస్తున్నాయి. అందులో ఆమెకు మాట లేదు, వెళ్లే దారి లేదు, బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడాలి. దాన్ని విరహమని రాస్తే విరహం పరువు పోతుంది. ప్రవరుడు కాదన్నాడు, వెళ్లిపోయాడు. వరూధిని దుఃఖం అందుకే కావ్యమైంది. నిరాకరించే వీలు ఎదుటిమనిషికి ఉన్నప్పుడే ఇద్దరి మధ్య పైచేయి అటూ ఇటూ మారుతుంది. అది లేనప్పుడు మారడానికేమీ ఉండదు. పరీక్షించడానికి సులువైన దారి: కవితలో ఆడ, మగ తారుమారు చేసి చదవండి. తర్వాత అదే దృశ్యాన్ని చూడబడుతున్న మనిషి గొంతుతో నాలుగు పాదాలు రాయండి. ఆ నాలుగు పాదాల్లో భయం తప్ప ఇంకేమీ రాకపోతే మొదటి కవిత చించేయండి.

దిద్దేటప్పుడు రెండు రంగుల పెన్నులు పట్టుకోండి. ఒకరు చూసిన, చూపు తిప్పిన, పిలిచిన చోట్ల కింద నీలం గీత, రెండోవాళ్లవి ఎరుపు. కాగితమంతా ఒకే రంగయితే రెండో చిత్తు దగ్గరే ఆగారని అర్థం. రెండు రంగులూ పాదం విడిచి పాదం వస్తుంటే చూపు బంతాటలా అటూ ఇటూ పోతోంది, ఎక్కడా బరువు నిలవదు. ఒక రంగు పేరుకుని, ఒక్కచోట రెండోది తగలాలి.

కవితలోని మనిషి నిజంగా ఉన్న మనిషైతే ఊరు, వీధి, చదివిన కాలేజీ, వేసుకునే చీర రంగు మార్చేయండి. అచ్చుకు పంపేముందు వాళ్లకు చూపించండి. వాళ్లు వద్దంటే పంపకండి.